ఆఫీసు సైకిలుకి 28 పళ్లు చాలవు

రోడ్ బైకు అనే సన్నటి టైర్ల సైకిలుని గేర్లు చూసి కొనేవాళ్లు తక్కువ. ఫ్రేమ్ రంగు చూస్తాం, చేత్తో ఎత్తి బరువు చూస్తాం, డిస్క్ బ్రేకులా కాదా అని అడుగుతాం. "గేర్లు 16 మేడమ్" అంటారు షాపులో. అక్కడితో ఆ ప్రస్తావన అయిపోతుంది. ఆ 16లో అన్నిటికన్నా తేలికైన గేరు ఎంత తేలికో ఎవరూ చెప్పరు. రోజూ ఆఫీసుకి తొక్కాల్సిన బండి అయితే నా లెక్కలో ముందు అడగాల్సింది అదే.

నేను రాజరాజేశ్వరి నగర్ నుంచి జయనగర్ వెళ్తాను, దాదాపు 10 కిలోమీటర్లు. ఆడిట్ ఆఫీసులో పని. వయసు 46. నాది షిమానో కంపెనీ ఎనిమిది స్పీడ్ల (వెనక ఎనిమిది పళ్ల చక్రాల) క్లారిస్ గ్రూపుసెట్, అంటే గేర్ల సామాను, ఉన్న అల్యూమినియం రోడ్ బైక్. కొన్నప్పుడు ముందు పెడళ్ల దగ్గర 50, 34 పళ్ల చైన్ రింగులు, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న చక్రాల దొంతర, అంటే క్యాసెట్, ఉండేవి. ముందు పళ్లు తగ్గితే, వెనక పళ్లు పెరిగితే గేరు తేలికవుతుంది. ఈ ధరలో వచ్చే రోడ్ బైకులు చాలావరకు ఇంచుమించు ఇదే కొలతతో వస్తాయి. రేసు బండిని చూసి కొంచెం తేలిక చేసిన కొలత ఇది. వీపున లాప్‌టాప్, పక్కన టిఫిన్ డబ్బా, ముందు సిటీ బస్సు పెట్టుకుని తొక్కే మనిషిని చూసి పెట్టింది కాదు.

పుట్టి పెరిగింది నెల్లూరులో. అక్కడ సైకిలుకి గేర్లెందుకో ఎవరికీ తెలియదు, అవసరమూ లేదు. పెన్న వంతెన ఎక్కడమే మాకు పెద్ద ఎత్తు. చెన్నైలో ఉండే మా తమ్ముడు ఇప్పటికీ గేర్లు లేని సైకిలు మీద వేళచ్చేరి అంతా తిరుగుతాడు. "ఏందక్కా, సైకిలుకి కూడా బ్యాలెన్స్ షీటా?" అని నవ్వుతాడు. నవ్వనీ. వాడి ఊరికి వాడి సైకిలు చాలు.

బెంగళూరు వేరు. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఒక గట్టు మీద కూర్చుంది. గట్టుకి పడమటి వైపు పడ్డ వాన వృషభావతిలో చేరి, అర్కావతి మీదుగా కావేరికి పోతుంది. తూర్పు వైపు పడ్డది హెబ్బాళ లోయ, కోరమంగళ–చల్లఘట్ట లోయల గుండా దక్షిణ పినాకినికి పోతుంది. (ఉత్తర పినాకిని అంటే మా పెన్నే. అదీ ఇదీ రెండూ నంది కొండల వైపు పుట్టినవే. వారాంతాల్లో సైకిళ్లేసుకుని నంది కొండ ఎక్కేవాళ్లకి ఆ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు.) ఊరు పెరిగి లోయల్ని కప్పేసింది. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండ్ అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. నేల వాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కారులో ఉంటే అది తెలియదు, స్కూటీ మీద ఒకటీ అరా తెలుస్తుంది. సైకిలు మీద ప్రతి లోయా కాళ్లకి తెలుస్తుంది.

నా దారిలో ఉన్నది వృషభావతి లోయ. పొద్దున మా నగర్ ఆర్చ్ దాటి మైసూరు రోడ్డు మీదుగా నాయండహళ్లి దాకా దిగుతాను, అక్కణ్నుంచి రింగ్ రోడ్డు పట్టుకుని కత్రిగుప్పె వైపు ఎక్కుతాను. సాయంత్రం ఇదే తిరగబడుతుంది. రోజంతా కూర్చుని వోచర్లు చూసి అలిసిపోయాక, ఇంటి ముందర ఎత్తు. వృషభావతి బసవనగుడి నంది పాదాల దగ్గర పుట్టిందంటారు. నాయండహళ్లిలో దాన్ని దాటేటప్పుడు మాత్రం భక్తి కంటే ముందు కర్చీఫ్ గుర్తొస్తుంది.

ఇవేవీ ఘాట్ రోడ్లు కావు. ఎక్కడా ఆపకుండా ఎక్కనిస్తే 28 పళ్లతోనే ఎలాగో లాగేయొచ్చు. కానీ ఇక్కడ ఎత్తు సగంలో ఆపుతారు. సిగ్నల్ పడుతుంది. బస్సు స్టాపు కాని చోట ఆగుతుంది. ఎవరో ఆటోలోంచి చిల్లర లెక్కపెట్టుకుంటూ దిగుతారు. ఆగిన చోటి నుంచి, వాలు మీద, సున్నా వేగం నుంచి మళ్లీ బయల్దేరాలి. ఒక కాలు నేల మీద ఉంటుంది, వెనకాల హారన్లు మొదలవుతాయి. మొదటి తొక్కుతో బండి కనీసం రెండో పెడల్ మీద కాలు పెట్టేంత దూరమైనా కదలాలి. గేరు బరువుగా ఉంటే ఆ మొదటి తొక్కులోనే బండి పక్కకి వాలుతుంది. కుడివైపు బస్సు ఉన్నప్పుడు పక్కకి వాలడం ఎంత టెన్షనో సైకిలు తొక్కేవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఆఫీసు సైకిలుకి తేలిక గేరు అవసరం ఎక్కడుందో చూడాలంటే ఎత్తు చివర చూడకూడదు, ఎత్తు మధ్యలో ఉన్న సిగ్నల్ దగ్గర చూడాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపే భాగం) ఉన్న బండికి పెడల్ తిరుగుతుంటేనే గేరు మారుతుంది. ఆగిపోయాక లివర్ నొక్కితే కేబుల్ కదులుతుంది గానీ చైన్ ఉన్న పళ్ల మీదే ఉంటుంది. తర్వాత గట్టిగా తొక్కగానే కరకరమని ఎక్కడో మధ్యలో పడుతుంది. కాబట్టి ఆగబోయే ముందే తేలిక గేరులోకి దిగాలి. సిగ్నల్ అయితే ముందే కనిపిస్తుంది. అడ్డం వచ్చే ఆటో కనిపించదు. ఉన్న గేర్లన్నీ కాస్త తేలిక వైపు జరిగి ఉంటే, మార్చడానికి టైము దొరకని సందర్భాల్లో కూడా మధ్య గేరుతోనే బయల్దేరగలం. కాగితం మీద గేర్లు పోల్చేవాళ్లు ఈ సంగతి ఎందుకో చెప్పరు.

వాన రోజుల్లో ఇది మరీ ముఖ్యం. బరువు గేరులో ఎత్తు ఎక్కాలంటే సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతాం. అప్పుడు ఒంటి బరువు ముందుకి పోతుంది, వెనక టైరు మీద భారం తగ్గుతుంది. తడిసిన జీబ్రా గీతల రంగు మీద టైరు జారేది ఆ క్షణంలోనే. తేలిక గేరులో కూర్చునే ఎక్కొచ్చు.

ఇక లెక్కలు. నా వృత్తి ఇదే కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

నా టైర్లు 28 మిల్లీమీటర్లవి. చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.14 మీటర్లు పోతుంది. ముందు 34, వెనక 28 అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది, బండి 2.6 మీటర్లు ముందుకి వెళ్తుంది. వెనక 32 పెడితే 2.27 మీటర్లు. 34 పెడితే ముందూ వెనకా సమానం కాబట్టి సరిగ్గా ఒక చుట్టు, 2.14 మీటర్లు. నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పితే కాళ్లు ఇబ్బంది పడవు అనుకుందాం. ఆ తిప్పుడుతో 28 పళ్ల మీద గంటకి 10.9 కిలోమీటర్లు, 32 మీద 9.5, 34 మీద 9.

తేడా ఇంతేనా అనిపిస్తుంది. దాన్నే బలంలోకి మార్చి చూడండి. నేను, బండి, లాప్‌టాప్, డబ్బా, నీళ్లు, తాళం కలిపి 85 కిలోలు. వందకి ఏడు వాలున్న రోడ్డు మీద గంటకి 10.9 కిలోమీటర్లు వెళ్లాలంటే దాదాపు 195 వాట్లు కావాలి. 9.5తో వెళ్తే 170 చాలు. ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. అంటే నా కాళ్లతో రెండున్నర ఫ్యాన్లు తిప్పమంటోంది 28 పళ్ల క్యాసెట్. రేసర్లకి 195 వాట్లు లెక్కలోది కాదు. నాకు, సాయంత్రం ఆరున్నరకి, బాగానే లెక్క. అంత శక్తి లేకపోతే ఏమవుతుంది? పెడల్ తిప్పే వేగం 70 నుంచి 50కి, 45కి పడిపోతుంది. నెమ్మదిగా, గట్టిగా, మోకాలితో నెట్టి తొక్కాల్సి వస్తుంది. వెనక 28 తీసి 32 పెడితే అదే ఎత్తు మీద ఒక్కో తొక్కుకి కావాల్సిన బలం సరిగ్గా 12.5 శాతం తగ్గుతుంది. రోజుకి రెండు పూటలా అదే తగ్గింపు.

గేర్లు తేలిక చేయడానికి రెండు దారులు: ముందు పళ్లు తగ్గించడం, వెనక పళ్లు పెంచడం. రోడ్ బైకు వాళ్లు ముందరి దారి గురించి చాలా మురిపెంగా మాట్లాడతారు. 46, 30 పళ్ల క్రాంకులు (పెడల్ చేతులూ చైన్ రింగులూ కలిసిన భాగం) ఇప్పుడు ఉన్నాయి. షిమానో 2019లో తెచ్చిన జీఆర్‌ఎక్స్ వరసలో అలాంటిది ఒకటుంది. మట్టి రోడ్ల మీద తిరిగే గ్రావెల్ బైకుల కోసం తెచ్చారు గానీ, ఆఫీసు సైకిలుకి కూడా అదే సరైన క్రాంక్ అని నా నమ్మకం. కొత్త బండి కొనేవాళ్లు 46/30తో వస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఉన్న బండికి మార్చడమైతే లెక్క మారుతుంది. ముందు 30, వెనక 28 ఉంటే నిష్పత్తి 1.07. ముందు 34 అలాగే ఉంచి వెనక 32 పెడితే 1.06. రెండూ ఒకటే! ఒక ఖర్చు క్రాంక్ ధర, ఇంకోటి క్యాసెట్ ధర. క్రాంక్ ఒక్కటీ మారిస్తే సరిపోదు కూడా. నా బండికి ఉన్నది పాతరకం స్క్వేర్ టేపర్ బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే ఇరుసు, బేరింగులు), అదీ మారాలి. జీఆర్‌ఎక్స్ చైన్ రింగులు మామూలు రోడ్ క్రాంక్ కంటే 2.5 మిల్లీమీటర్లు బయటికి ఉంటాయి, కాబట్టి ముందు డిరైలర్ కూడా దాని జతదే కావాలి. మామూలు రోడ్ బైకు ముందు డిరైలర్‌లో చైన్‌ని నెట్టే రేకు, అంటే కేజ్, వంపు 50 పళ్లకి తగ్గట్టు చేసింది. 46కి కింద దించి బిగిస్తే దాని తోక చైన్‌స్టేకి (వెనక చక్రం దాకా పోయే ఫ్రేమ్ కింది గొట్టానికి) తగిలే బండ్లూ ఉన్నాయి. అన్నీ కలిపితే నాకు వెనకవైపు మార్పుకి అయిన ఖర్చుకి రెండింతల పైనే తేలింది. పోనీ ఉన్న క్రాంకుకే 30 పళ్ల రింగు బిగిద్దామా అంటే కుదరదు. 50/34 క్రాంకులో బోల్టుల వలయం 110 మిల్లీమీటర్లు, దాని మీద 33 కంటే చిన్న రింగు పట్టదు. పాత 53/39 క్రాంకులైతే వలయం 130, అక్కడ 38 దగ్గరే ఆగిపోవాలి. ఆ క్రాంకుతో సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోండి. బండి ఎంత చవకగా వచ్చినా బెంగళూరులో ముందు 39 పళ్లు రోజూ తొక్కే సరంజామా కాదు.

వెనక వైపే మార్చాలని తేలాక, 32నా 34నా అన్నది రెండో ప్రశ్న. పెద్దదే మంచిది కదా అని నేనూ 34 అడిగాను. మా మెకానిక్ హిందూపురం వైపు మనిషి, గిరినగర్‌లో చిన్న షాపు. ముందు అడిగింది, "నంది కొండకా అక్కా?" అని. ఆఫీసుకి అన్నాను. "ఆఫీసుకైతే 34 యాలక్కా? ఒకతూరి పళ్లు లెక్కపెట్టి సూడు," అని రెండు క్యాసెట్లు బల్ల మీద పెట్టాడు.

చూస్తే సంగతి అర్థమైంది. ఎనిమిది స్పీడ్ల 11-34 క్యాసెట్‌లో పళ్లు 11, 13, 15, 17, 20, 23, 26, ఆ తర్వాత ఒక్కసారిగా 34. చివర్లో ఎనిమిది పళ్ల దూకుడు. 11-32లో అయితే 11, 13, 15, 18, 21, 24, 28, 32. చివరి మెట్లు సమానంగా, నాలుగేసి పళ్లతో ఉన్నాయి. 26 నుంచి 34కి దూకితే కాలు ఒక్క క్షణం ఖాళీగా గిర్రున తిరుగుతుంది, బండి వేగం పడుతుంది, మళ్లీ అందుకోవాలి. "యెనక బస్సు ఉన్నప్పుడు అట్లా తిరిగితే బాగుండదక్కా," అన్నాడు. పైగా 34 క్యాసెట్‌లో నాకు రోజూ పనికొచ్చే 28 లేదు. 26 చాలకపోతే తిన్నగా 34కే పోవాలి. నేను 32కి ఒప్పుకున్నాను. బరువు ఎక్కువగా మోసేవాళ్లు, పిల్లల సీటు కట్టుకునేవాళ్లు, మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు 34 తీసుకోవడమే మేలు. వాళ్లకి ఆ చివరి గేరు ఒక రక్షణ, దూకుడు ఎంతున్నా ఫరవాలేదు. పది, పదకొండు స్పీడ్ల వాళ్లకి ఈ గొడవ తక్కువ, అక్కడ మధ్యలో మెట్లు ఎక్కువుంటాయి కాబట్టి 34 దాకా పోయినా మరీ అంత దూకుడు ఉండదు.

క్యాసెట్ ఒక్కటీ కొని తెచ్చుకుంటే పని అయిపోదు. వెనక డిరైలర్‌కి రెండు హద్దులుంటాయి. ఒకటి, అది చైన్‌ని ఎక్కించగల అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం. రెండోది, అది సర్దుకోగల మొత్తం చైన్ వదులు. ఈ రెండోది లెక్కకట్టడం సులువు. ముందు రింగుల తేడా, వెనక చక్రాల తేడా కలపాలి. నాకు 50లోంచి 34 తీస్తే 16. 32లోంచి 11 తీస్తే 21. మొత్తం 37. పాత క్యాసెట్‌తో ఇదే 33 ఉండేది. డిరైలర్ వెనకవైపు మోడల్ నంబరు చెక్కి ఉంటుంది. షిమానో వాటిలో చివర ఎస్‌ఎస్ అని ఉంటే పొట్టి కేజ్ (వెనక డిరైలర్‌లో చైన్ పోయే రెండు చిన్న చక్రాల్ని పట్టుకునే భాగం), జీఎస్ అని ఉంటే అంతకంటే పొడుగుది. నంబరు పట్టుకుని కంపెనీ ఇచ్చే స్పెసిఫికేషన్ పట్టికలో చూస్తే రెండు హద్దులూ దొరుకుతాయి. నాది పొట్టి కేజ్, 32కి సరిపోదు.

ఇక్కడే ఎనిమిది స్పీడ్ల బండి ఉన్నవాళ్లకి ఒక అదృష్టం ఉంది. షిమానో ఎనిమిది స్పీడ్ల రోడ్ షిఫ్టర్లు, ఏడు-ఎనిమిది-తొమ్మిది స్పీడ్ల ఎంటీబీ (మౌంటెన్ బైక్) వెనక డిరైలర్లు ఒకే కొలతలో కేబుల్ లాగుతాయి. కాబట్టి రోడ్ వరసలోని పొడుగు కేజ్ కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా, ప్రతి సైకిల్ షాపులో ఉండే ఆల్టస్ లాంటి ఎంటీబీ డిరైలర్ బిగించొచ్చు. అది 34 పళ్ల దాకా ఎక్కిస్తుంది. చూడ్డానికి సన్నటి రోడ్ బైకు మీద కొంచెం మొరటుగా కనిపిస్తుంది, నిజమే. గుంపుగా రైడ్లకి వెళ్లేవాళ్లు చూసి పెదవి విరుస్తారు. నాకు ఆ గుంపుతో పని లేదు. షిమానో వాళ్లదే పది స్పీడ్ల టియాగ్రా 4700 వరస ఉన్నవాళ్లు మాత్రం ఈ పని చేయకండి. దాని కేబుల్ కొలత వేరు, పది స్పీడ్ల ఎంటీబీ డిరైలర్ల కొలత ఇంకా వేరు. వాళ్లు అదే వరసలోని పొడుగు కేజ్ తెచ్చుకోవాలి. అదీ 34 దాకా వెళ్తుంది. డిరైలర్ మార్చకుండా హ్యాంగర్‌కి (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్కకి) ఒక చిన్న లింకు తగిలించి కిందకి దించే పద్ధతి కూడా ఉంది. పెద్ద చక్రం అందుతుంది గానీ చైన్ వదులు సర్దుకునే శక్తి దానివల్ల పెరగదు, పొట్టి కేజ్ పొట్టిగానే ఉంటుంది. ఖర్చు మిగిలేదీ పెద్దగా లేదు. నేను పట్టించుకోలేదు.

చైన్ కూడా కొత్తది, పొడుగుది కావాలి. దీంట్లో బద్ధకించకూడదు. పాత చైన్ 28 పళ్లకి కొలిచి కత్తిరించింది. అదే ఉంచేసి, ఎప్పుడో ఆదమరిచి ముందు 50, వెనక 32 మీదకి వేశారనుకోండి, చైన్ చాలక డిరైలర్ ముందుకి లాక్కుపోయి హ్యాంగర్ విరుగుతుంది. ఒక్కోసారి డిరైలర్ చువ్వల్లోకి పోతుంది. చైన్‌ని డిరైలర్ గుండా పోనివ్వకుండా పెద్ద రింగు, పెద్ద చక్రం మీద చుట్టి, రెండు కొసలూ కలిసే చోటికి ఇంకో రెండు లింకులు ఎక్కువ ఉంచి కత్తిరించాలి. మెకానిక్ అలా చేస్తున్నాడో లేదో పక్కన నిలబడి చూడండి. తర్వాత డిరైలర్ వెనక ఉండే బీ-స్క్రూ బిగించి, పై చిన్న చక్రం 32 పళ్లకి రాసుకోకుండా దూరం పెట్టాలి.

బయల్దేరేముందు ఇంకొక్క పరీక్ష. మీ వెనక చక్రానికి ఉన్నది క్యాసెట్టా, ఫ్రీవీలా? చవక ఏడు స్పీడ్ల రోడ్ బైకులకి చాలావాటికి స్క్రూలా తిరిగి హబ్ (చక్రం మధ్య భాగం) మీదకి ఎక్కే ఫ్రీవీల్ ఉంటుంది. దాని మీద ఈ క్యాసెట్లేవీ పట్టవు. పెద్ద పళ్ల ఫ్రీవీల్ విడిగా దొరుకుతుంది, అది అడగాలి. వెనక చక్రం విప్పి పళ్ల చక్రాల్ని వెనక్కి తిప్పినప్పుడు మధ్యలో పనిముట్టు దూరే పళ్ల భాగం కూడా వాటితో పాటు తిరిగితే క్యాసెట్, అది కదలకుండా ఉంటే ఫ్రీవీల్.

క్యాసెట్, చైన్, డిరైలర్, కేబుల్, కూలీ అన్నీ కలిపి నాకు అయిదు వేల లోపే అయింది. మా ఆఫీసులో ఒకాయన "ఆ డబ్బుకి నెలనెలా స్కూటీ ఈఎంఐ వచ్చేది కదా మేడమ్," అన్నాడు. ఆయన ఈఎంఐ ఒక్కసారి కట్టి ఊరుకుంటాడనుకుంటాను.

తేలిక గేరు అంటే చేతకానివాళ్లదన్న చిన్నచూపు సైకిలు లోకంలో కొత్తది కాదు. టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ 1902లోనే గేర్లు 45 దాటినవాళ్లకి మాత్రమే అన్న అర్థంలో రాశాడు. ఆ పందెంలో డిరైలర్లకి అనుమతి దొరికింది 1937లో. ఈ రోజున వృత్తి రేసర్లు వాడే షిమానో డ్యూరా-ఏస్ వరసలో కూడా 11-34 క్యాసెట్ ఉంది. నేను దెగ్రాంజ్ గీసిన గీత దాటి ఒక ఏడాది అయింది కాబట్టి ఆయన లెక్కలో కూడా నాకు అభ్యంతరం లేదు.

మార్చాక తొక్కే తీరు ఒకటి మారింది. ట్రాఫిక్‌లో నేను ముందు పెద్ద రింగు జోలికి దాదాపు పోను. 34 మీద ఉంచి వెనక 15 పళ్ల మీద నిమిషానికి 80 తిప్పితే గంటకి 23 కిలోమీటర్లు వస్తుంది. 13 మీద 27 దగ్గర. పొద్దున తొమ్మిదికి రింగ్ రోడ్డు మీద అంతకంటే వేగంగా వెళ్లే చోటు ఎక్కడుంది? ముందు రింగు మార్చడమంటే 16 పళ్ల దూకుడు, దానికి తోడు వెనక రెండు మూడు క్లిక్కులు సర్దుకోవాలి. ఎడమ చేయి ఆ పని నుంచి తప్పుకుని బ్రేకు మీదే ఉంటుంది. అడ్డదిడ్డంగా బండ్లు దూరే చోట ఇది చిన్న సుఖం కాదు. 34 మీద ఉంచి 11 పళ్ల దాకా మాత్రం వెళ్లకండి. చైన్ ఏటవాలుగా సాగి పెద్ద రింగుకి రాసుకుని చప్పుడు చేస్తుంది, త్వరగా అరుగుతుంది.

నష్టం లేకపోలేదు. 11-28లో 15, 17, 19, 21 అని రెండేసి పళ్ల మెట్లుండేవి. ఇప్పుడు 15 తర్వాత 18, 21. చదును రోడ్డు మీద ఎదురుగాలి ఉన్నప్పుడు ఒకటి కాస్త తేలిక, దాని పక్కది కాస్త బరువు అనిపిస్తుంది. పొడవాటి చదును దారి ఉన్నవాళ్లకి, అంటే ఎలహంక దాటి దేవనహళ్లి వైపు పోయేవాళ్లకి, ఇది చిరాకు పెట్టొచ్చు. నా 10 కిలోమీటర్లలో అలాంటి చదును లేదు.

50, 11 పళ్ల గేరు మాత్రం ఇంకా అలాగే పడి ఉంది. నిమిషానికి 90 తిప్పితే గంటకి 52 కిలోమీటర్లు ఇస్తుందట. మైసూరు రోడ్డు మీద 52తో పోయే సైకిలుని పోలీసు ఆపుతాడో సెల్ఫీ అడుగుతాడో తెలియదు. ఈ క్యాసెట్ అరిగాక 12తో మొదలై 32తో ముగిసేది వెతకాలని ఉంది. మా మెకానిక్‌కి చెబితే, "ముందు ఇది అరగనీలే అక్కా," అన్నాడు. చైన్ సాగిందో లేదో కొలిచే గేజ్ ఒకటి కొనిపించాడు, 0.75 చూపించగానే చైన్ మార్చేస్తే క్యాసెట్ ఇంకొంత కాలం నిలుస్తుందట.